పాండాల ప్రపోజల్‌లో పదిహేడో వరస

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకో జబ్బుంది. క్లయింట్ ఏం అడిగినా ముందు "ఎస్" అనేయడం, ఎలా అన్నది ఆనక చూసుకోవడం. అమెరికాలోని బెంటన్‌విల్‌లో పదేళ్ళుగా ప్రపోజల్స్ రాసి రాసి సుమతికి ఆ జబ్బు బాగా ముదిరింది.

అందుకే ఆ ఊళ్ళోనే ఉండే తెలిసినాయన హర్షవర్ధన్ తన సొంత డబ్బుతో ఊరి పక్కన పాండా సంరక్షణ కేంద్రం కట్టిస్తానని, ప్రపోజల్ రాసిపెట్టమని అడిగితే, అనుమతివ్వాల్సిన కౌంటీ ఆఫీసు వాళ్ళ ప్రశ్నల పట్టికంతా ఒక్క పూటలో ఎస్‌లతో నింపేసింది. వెదురు ఎక్కడినుంచి తెస్తారన్నదానికీ ఎస్సే! పదిహేడో వరస: పాండాలు రావడం ఖాయమా? ఎస్.

హర్షవర్ధన్ భార్య అదితి పోయేముందు చివరి ఆరు నెలలూ మంచంమీద పడుకుని ఫోన్‌లో పాండాలనే చూసింది. ఈ ఊరి పిల్లలు వాటిని దగ్గర్నుంచి చూడాలని ఆమె కోరిక. కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. ఇదీ లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడోనని సుమతికి భయం.

కౌంటీ వాళ్ళు ఊరివాళ్ళని పిలిచి పెట్టిన హియరింగ్‌లో డేల్ అనే ముసలి రైతు లేచాడు. కేంద్రానికి అనుకున్న నేల అతనిదే.

"మీరు ఖాయమన్నారని ఆవుల్ని బేరం పెట్టాను మేడమ్. నిజంగా వస్తాయా?"

పాండాల్ని ఇవ్వాల్సింది చైనా. అడిగిన అందరికీ ఇవ్వదు, ఇచ్చినా ఎన్నేళ్ళకో. ముందు కుర్చీలోంచి హర్షవర్ధన్ సుమతికేసే చూస్తున్నాడు. ఇంకొక్క ఎస్ అంటే గండం గట్టెక్కేది.

"తెలీదు," అంది. "ఖాయమని రాయడం నా తప్పు. ఆవుల్ని అమ్మకండి."

కౌంటీ వాళ్ళు ప్రపోజల్‌ని వెనక్కి ఇచ్చేశారు.

తిరిగి వస్తుంటే కార్‌లో సుమతి ఉండబట్టలేక, "సారీ అండీ, అంతా స్పాయిల్ చేశాను," అంది ఏడుపు గొంతుతో.

హర్షవర్ధన్ కారు పక్కకి తీసి ఆపాడు.

"తగ్గుతుందా అని అదితి రోజూ అడిగేది సుమతిగారూ. నేను రోజూ ఎస్ అనే చెప్పాను. ఆఖరి వారం అడగడం మానేసింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తనకి తెలిసిపోయింది. నాతో ఏం చెప్పుకోవాలనుకుందో, చెప్పుకోనివ్వలేదు నేను."

ఆయన మళ్ళీ కారు స్టార్ట్ చేశాడు.

"రేపు మళ్ళీ రాయండి. పదిహేడో వరసలో 'తెలీదు' అనే పెట్టండి. పైన పేరు మాత్రం అదితిదే ఉంచండి."