నిలువెత్తు రూపాయలు

మా నాయనమ్మ అమ్మణ్ణికి కాఫీ అంటే ప్రాణం. ఆ కాఫీని నా కోసం వదిలేసింది. రెండేళ్లప్పుడు నాకు న్యుమోనియా వస్తే, పిల్ల బతికితే రూపాయి బిళ్లలతో తులాభారం తూయిస్తాననీ, అది తీరేదాకా కాఫీ ముట్టననీ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. నేను బతికాను. మొక్కు మాత్రం తీరలేదు.

తీర్చవలసింది మా నాన్న రామ్మోహనరావుగారు. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. "ఈ ఏడు చేతిలో లేదు, వచ్చే ఏడు చూద్దాం" అంటూ ఏళ్లకేళ్లు జరిపారు. దేవుడు వడ్డీ కాసులవాడు కదా, ఆ వడ్డీ నా ఒంటిమీద వేశాడు. పది కిలోల మొక్కు కాస్తా అరవై దాటింది. మేం కాఫీ తాగుతుంటే నాయనమ్మ వాసన పీల్చుకుని మజ్జిగతో సరిపెట్టుకునేది. నాకు ఒళ్లు మండేది.

ఎందుకు మండదు? నాన్న మంచం కింద జంతికల డబ్బా నిండా పాత రూపాయలున్నాయి. ఉద్యోగంలో ఉండగా సొంత జీతంతో మార్చుకుని దాచినవి. రాగి, నికెలు కలిసిన బరువైన బిళ్లలు.

"అందులో లోహమే రూపాయికి ఎన్నో రెట్లు చేస్తుందే ఉమా. ఇప్పటివన్నీ ఉత్త స్టీలు, లోహం అర్ధరూపాయి కూడా చెయ్యదు" అనేవారు.

"కరిగిస్తే జైల్లో వేస్తారుగా?"

"కరిగిస్తానని ఎవరన్నారు?"

కరిగించరు, అమ్మరు, ఖర్చుపెట్టరు. దసరాకి తీసి తుడిచి, మళ్లీ మంచం కిందికి తోస్తారు. దాన్ని పెట్టుబడి అంటారు.

ఈ మాఘమాసంలో నాయనమ్మ ఆస్పత్రిలో వారం ఉండి ఇంటికొచ్చింది. "ఏరా రామ్మోహనా, కాఫీ తాగకుండానే పోతానా?" అని అడిగింది. నాన్న లేచి వెళ్లి తులాభారానికి ముహూర్తం పెట్టించారు.

రూపాయి బిళ్లల కోసం హైటెక్ సిటీలో మా ఆఫీసంతా అడిగాను. జేబులో చిల్లర ఉన్నవాడు ఒక్కడు దొరికితే ఒట్టు. కిందనున్న టీ బండి దగ్గర కూడా అందరూ ఫోను చూపించేవాళ్లే. చివరికి నాన్నే ఎన్ని బిళ్లలు కావాలో లెక్కగట్టి, బ్యాంకు నుంచి సంచులు దింపారు. "ట్రెజరీ లెక్క, తిరుగుండదు" అన్నారు.

చందానగర్‌లో మా ఇంటి దగ్గరి వెంకటేశ్వరస్వామి గుళ్లో, పట్టుచీర కట్టుకుని తక్కెడ పళ్లెంలో కూర్చున్నాను. నా టీంలో పనిచేసే నవనీత తోడొచ్చింది. నాన్న రెండో పళ్లెంలో సంచి తర్వాత సంచి గుమ్మరించారు. సంచులన్నీ అయిపోయాయి. నా పళ్లెం నేల వదల్లేదు.

నాన్న ఒక కొత్త బిళ్లను అరచేతిలో వేసుకుని ఎగరేసి చూశారు. మొహం మాడిపోయింది. ఆయన లెక్కగట్టింది మంచం కింది బిళ్ల బరువుతో. బ్యాంకు ఇచ్చినవి పల్చటి కొత్త బిళ్లలు. అన్నేళ్లుగా ఆ డబ్బానే చూసుకుంటున్న మనిషికి రూపాయంటే అదే మరి.

"సరితూగకపోతే మొక్కు తీరినట్టు కాదండి. ఇంకో రోజు పెట్టుకుందాం" అన్నారు పూజారిగారు.

మెట్టుమీద కూర్చున్న నాయనమ్మ "మళ్లీ రాలేనురా" అంది.

నేనిక ఆగలేదు. "నాన్నా, మంచం కింద డబ్బా!" అని అరిచాను. గుడంతా మా వైపు తిరిగింది. నాన్న నాయనమ్మ వైపు చూశారు. తర్వాత జేబులోంచి ఇంటి తాళం తీశారు.

"ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్. నా బండి ఉన్నది, జల్ది పోయొద్దాం" అంది నవనీత.

స్కూటీ మీద కాళ్ల దగ్గర డబ్బా, వెనక దాన్నే చూసుకుంటూ నాన్న. ఇద్దరూ కలిసి ఆపసోపాలు పడి మోసుకొచ్చారు. నాన్న మూత తీసి, ఒక్కో బిళ్లా తీసి పళ్లెంలో పెట్టడం మొదలుపెట్టారు.

"గిట్లేస్తే పొద్దుగూకుతది అంకుల్!" అంది నవనీత. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, డబ్బా ఎత్తి గుమ్మరించారు. ఆ బరువైన బిళ్లల మోతకి గుళ్లో పావురాలు లేచిపోయాయి. నా పళ్లెం కదిలింది. లేచింది. రెండూ సరిగ్గా ఒక్క ఎత్తున నిలిచాయి.

"నాన్నా, వాటిలో లోహమే..."

"నోరు మూసుకుని కదలకుండా కూర్చో. ఇంతకంటే మంచి ధర ఎక్కడొస్తుంది?" అన్నారాయన, కండువాతో కళ్లు తుడుచుకుంటూ.

గంటలు మోగాయి. నవనీత ఈల వేసి పూజారిగారి చేత చీవాట్లు తింది. నా బరువు చూసి నేను గర్వపడింది జీవితంలో అదొక్కసారే. కళ్లనీళ్లు ఆగలేదు.

గుడి ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరు నుంచి నాన్నే స్వయంగా కాఫీ తెచ్చారు. నాయనమ్మ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. మేమంతా ఆవిడ మొహంలోకే చూస్తున్నాం.

"చికోరీ ఎక్కువేశాడు వెధవ" అంది. గ్లాసు మాత్రం దించలేదు. చివరి చుక్కదాకా తాగి, ఖాళీ గ్లాసు నాన్న చేతికిచ్చింది.

"ఇంకోటి పట్రా రామ్మోహనా."