ఇస్త్రీ మేడమ్‌కి బువ్వ పెట్టిన పిల్ల

మా మనవరాలు ఇంట్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. అదే పిల్ల యూనివర్సిటీలో చదివే పరాయి భాషలో నోరు విప్పమంటే బెల్లం కొట్టిన రాయి. రాతపరీక్షల్లో బోలెడు మార్కులు. మాట్లాడే పరీక్షలో మాత్రం పోయినసారి సొంత పేరు కూడా పెగలక లేచి వచ్చేసింది. ఈసారీ తప్పితే ఆ కోర్సులోంచే తీసేస్తారట. ఆ భాషంటే దానికి ప్రాణం. ఆ సంగతి చెబుతూ నా చీరచెంగుకే ముక్కు తుడుచుకుంది, ఇంక చూసుకోండి.

పరీక్ష చేసేది ఆ దేశపు టీచరమ్మే. జుట్టు, కాలరు, మాట, ఏదీ ఎక్కడా ముడత పడదు కాబట్టి పిల్లలు ఆవిడకి ఇస్త్రీ మేడమ్ అని పేరు పెట్టుకున్నారు.

మావదానికి, అదే మా మనవరాలికి, జట్టు ఇద్దరు. ఒకతి మైకు, అది గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. రెండోవాడు నిచ్చెన, మా గుమ్మానికి నుదురు తాకించకుండా ఏనాడూ లోపలికి రాలేదు. పుస్తకాలు మూసెయ్యమని వాళ్ళే దీనికి బోధ చేశారు. ఫోన్లో ఆ దేశం వాళ్ళ వీడియోలు చూడటం, వాళ్ళు అన్నది అన్నట్టు అనేయడం, అదే మందట. మైకు ఫుట్‌బాల్ ఆటకి అరిచేవాణ్ణి పట్టుకుంది. నిచ్చెన జుట్టు కత్తిరిస్తూ ఊసులు చెప్పే మంగలాయన్ని పట్టుకున్నాడు. మావదానికి ఒక చక్కటి పిల్ల దొరికింది. నిదానంగా, ముత్యాలు పేర్చినట్టు, ఒక్కో మాటా పదిసార్లు అంటుంది. ఒక వీడియోకి గుండె బొమ్మ నొక్కిన పాపానికి ఫోను ఇక ఆవిడవే తెచ్చి కుమ్మరించింది. ఇదీ పొద్దస్తమానం చెవులకి తగిలించుకుని వల్లించేది.

నాకు ఆ భాష ముక్క రాదు. కానీ రాగం తెలియదా. ఆరుగుర్ని పెంచినదాన్ని.

"ఏమే, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని ఊపుతున్నట్టు మాట్లాడతావేం?" అన్నాను.

"ఆ భాషే అంత అమ్మమ్మా. తియ్యగా ఉంటుంది," అంది, ఎంతో తెలిసినట్టు.

సరే, నాకెందుకులే అని ఊరుకున్నాను.

యూనివర్సిటీ గదులకి రంగులు వేస్తున్నారని ఈసారి పరీక్ష ఫోన్లోనే పెట్టారు. మా ఇంట్లో ఫోను సరిగ్గా పలికేది వంటింట్లోనే. డబ్బాల మీద డబ్బా పెట్టి ఫోను ఆనించింది. నన్ను కదలొద్దంది, దగ్గొద్దంది. నేను గట్టు పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. జట్టు తలుపు వెనకాల చెవులు ఒగ్గి నిలబడింది.

ఇక్కడ నేను చెప్పే మాటలన్నీ తర్వాత పిల్ల మన భాషలో విడమరిచినవే. మనకి అన్నం బువ్వ అయినట్టు, పడుకోవడం బజ్జోవడం అయినట్టు వాళ్ళకీ మాటలు ఉన్నాయట.

మేడమ్ కనిపించగానే కుశలం అడిగింది. మావది కళ్ళు మూసి తెరిచి, "బాగున్నా బంగారం. నువ్వు బువ్వ తిన్నావా?" అంది.

మేడమ్ కనుబొమ్మ ఒకటి పైకి లేచింది, అంతే. పరీక్ష సంగతి చెప్పింది. నువ్వు రైల్వే స్టేషన్‌లో ఉన్నావు, నీ సంచి పోయింది, నేను గుమాస్తాని, అడుగు అంది.

"నా బుజ్జి సంచి టాటా వెళ్ళిపోయింది," అంది మావది. "ఎక్కడ దాక్కుందో చెప్పవా కన్నా? ఎర్రెర్రగా ఉంటుంది. బొజ్జ నిండా బట్టలే."

గుమాస్తా ఒప్పుకోలేదు. ఆఫీసు మూసే వేళయింది, రేపు రమ్మంది. పోయినసారైతే మావదానికి పేరు దగ్గరే నోరు పడిపోయింది. ఈసారి పడలేదు. ఎన్ని వందలసార్లు విందో గాని ఆ వీడియో పిల్ల గొంతు లోపలినుంచి తన్నుకొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని వేలు చూపించింది.

"ఇదిగో, అల్లరి చేశావంటే బూచాడికి పట్టిచ్చేస్తాను. మంచి పాప కదూ. సంచి ఇచ్చేయ్. ఏదీ, ఒక్కసారి నవ్వు," అని ఫోన్లోకి చెయ్యి పెట్టినట్టే పెట్టి ఆవిడ బుగ్గ పుణికింది.

మేడమ్ తల టపీమని బల్ల మీద వాలిపోయింది. ఫోన్లో పాపిడి తప్ప ఏమీ లేదు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఫిట్స్ వచ్చాయేమోనని నేను గబుక్కున లేచాను, బఠాణీలు వంటిల్లంతా దొర్లాయి. "నీళ్ళు చల్లమనవే ఎవర్నైనా," అన్నాను. నిచ్చెన పరుగున వచ్చి గుమ్మానికి నుదురు కొట్టుకుని, బఠాణీల మీద జారి, కూర్చుండిపోయాడు. మైకు వాణ్ణి ఓదార్చిన గొంతుకి పైవాటా వాళ్ళు కిందికి దిగొచ్చారు.

ఆవిడ తల ఎత్తింది. కన్నీళ్ళు. జుట్టు నాలుగు పక్కలా లేచిపోయింది. ఒకటే నవ్వు. ఎవరమ్మా నీకు నేర్పింది అని అడిగితే మావది ఆ వీడియోల పేజీ ఆవిడకి పంపింది. అందులో అసలు సంగతి ఏంటంటే, ఆ చక్కటి పిల్ల ఎప్పుడూ మాట్లాడేది పక్కన ఉయ్యాల్లో ఉన్న తన చంటిబిడ్డతోనట. బిడ్డ ముఖం లోకానికి చూపించడం ఇష్టం లేక కెమెరా తన మీదే పెట్టుకుందట.

మావది పాలిపోయి, తర్వాత ఎర్రబడి, తర్వాత ఏ రంగో నాకు తెలియదు. కోర్సు పోయినట్టేనని రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు," అంది మేడమ్. "పలుకు మా ఊరి పలుకే. కానీ నిజంగా స్టేషన్‌లో ఇలా మాట్లాడితే ఆ గుమాస్తా నిన్ను కొట్టైనా కొడతాడు, లేకపోతే పెళ్ళైనా చేసుకుంటాడు."

"అంటే, తప్పానా?"

"సంచి దొరికింది. తీసుకుపో తల్లీ."

పాసు. అయితే ఒక షరతు పెట్టింది. వచ్చే టర్ముకల్లా పెద్దవాళ్ళతో పెద్దవాళ్ళలా మాట్లాడాలి, ముఖ్యంగా పోట్లాడటం రావాలి అంది. అంతే, ముగ్గురూ కూడబలుక్కుని ఫోన్లో వెతికి వెతికి, ఆ దేశంలో కొనేవాళ్ళ మీద విరుచుకుపడే ఒక పళ్ళమ్మే ఆవిణ్ణి పట్టుకున్నారు. ఇప్పుడు మావది తెల్లారగానే వంటింట్లో నా ఎదుట నిలబడి, నేను పళ్ళు పిసికి పిసికి కొనకుండా పోతున్నానని ఆ భాషలో దులిపేస్తోంది. నేను మాత్రం ఊరుకుంటానా. నా భాషలో నేను, వచ్చినకాడికి, బేరం ఆడుతున్నాను.