తారాగుచ్ఛం పక్కన వలయం

ఆ వలయం ఆకాశంలో లేదని నాకు బుధవారం ఉదయం పదకొండు గంటలకు తెలిసింది.

కళ్లద్దాల దుకాణం నడిపే మా బావమరిదీ, నేనూ కలిసి ఆరు రాత్రులు ఒక తారాగుచ్ఛాన్ని ఫొటోలు తీశాం. అన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చితే గుచ్ఛం పక్కన పల్చని వెలుగు వలయం తేలింది. ఏ జాబితాలోనూ లేని నిహారిక! మొదట చూసింది అతనే. నేను మూడు రోజులు శంకించి, చివరికి దాన్ని నమోదు చేయమనే దరఖాస్తు మీద అతని పేరు కింద సంతకం చేశాను. కొత్త నిహారికలను నమోదు చేసే సంఘం వారు ఏ రాత్రి ఫొటోలను ఆ రాత్రివిగా విడదీసి పంపమన్నారు. విడదీస్తూ చూశాను. టెలిస్కోపు రోజూ కాస్త పక్కకు జరిగింది గనుక ఫొటోలో చుక్కలూ జరిగాయి. వలయం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆకాశంలోనిదైతే చుక్కలతో పాటు కదలాలి.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. అతను కళ్లజోడు కాడ ఒకటి వేడిచేసి వంచుతున్నాడు.

"కెమెరాను ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుండా ఫొటోలెలా తీస్తాం బావా?"

"లోపల. అద్దం మీద."

"ఓ, అదా! టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ కట్టి ఒక ఫొటో తీశావే, అందులో ఉంగరంలా ఒక దుమ్ము మచ్చ కనబడింది. మర్నాడే తుడిచేశా. మచ్చున్న అద్దం చూస్తే నా చెయ్యి ఊరుకుంటుందా?"

తెల్లగుడ్డ ఫొటో తీసేదే దుమ్ము నీడను కొలవడానికి. నీడ పడిన చోట కంప్యూటరు ఆ మేరకు వెలుగు పెంచుతుంది. దుమ్ము పోయాక కూడా నేను పాత కొలతనే వాడాను. లేని నీడకు కలిపిన వెలుగే మా నిహారిక. ఇదంతా అతనికి పూర్తిగా చెప్పనక్కర్లేకపోయింది. అద్దాల మనిషి, సగంలోనే అందుకున్నాడు. చేతిలో కాడ చల్లారింది.

"దుమ్ము కూడా కాదన్నమాట. తుడిచేసిన దుమ్ము."

"తప్పు నాది. మళ్లీ గుడ్డ కట్టి తీయాల్సింది."

"ఆ సంగతి వాళ్లకు సోమవారం రాయి బావా."

ఆదివారం గ్రంథాలయంలో సభ. మాయలు, మహిమల గుట్టు విప్పే నా సభలకు నలభై ఏళ్లుగా మైకు మోసినవాడు తొలిసారి తానే ఈ నిహారిక గురించి మాట్లాడబోతున్నాడు.

"తెలిసి తెలిసి అక్కడ ఏం చెప్తావు?"

"నాకు తెలీదనుకో. నువ్వింకా ల్యాప్‌టాప్ తెరవలేదనుకో. నాలుగు రోజులాగితే ఆకాశం ఊడిపడుతుందా?"

"ఇలా గడువడిగిన మహిమల బాబాలను మనం ఎంతమందిని వదిలిపెట్టాం?"

"వాళ్లలో కలిపేశావా నన్ను?"

కాదనవలసిన చోట నేను సలహా ఇచ్చాను. "పొరపాటు ఎలా జరిగిందో అదే చెప్పు. అంతకు మించిన ఉపన్యాసం ఉండదు."

"అది నీ ఉపన్యాసం బావా. నాది కాదు." కాడను మళ్లీ వేడి మీద పెట్టాడు. "రాసెయ్. నిన్నాపడం మా అక్క వల్లే కాలేదు, నేనెంత?"

ఉత్తరం మధ్యాహ్నమే పంపాను. తప్పు నాదేనని మొదటి వాక్యంలోనే రాశాను. అది వినయం కాదు, వాస్తవం.

ఆదివారం అతను రాలేదు. ఫోను ఎత్తలేదు. జనం వచ్చి కూర్చున్నారు గనుక కార్యదర్శి నన్ను వేదిక ఎక్కించాడు. తెల్లగుడ్డ, మచ్చ, కదలని వలయం అన్నీ వరుసగా చెప్పాను. అద్దం తుడిచిందెవరో చెప్పలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుందంటూ ఒక పెద్దాయన నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె మడతపెడుతున్న దుప్పటి మీద నుంచి తల ఎత్తలేదు.

"పోన్లెండి. మా తమ్ముడి పొరపాటు కూడా మీకే కలిసొచ్చింది."