ఏడో నంబరు మడి

ఆదిశేషమ్మ నాలుగో నంబరు నారుమడిలో ఒక ఆకును రెండు వేళ్ల మధ్య సాగదీసి, "ఎనిమిది" అంది. పక్కన అట్ట పట్టుకున్న తోటి కూలి చిట్టి రాసుకుంది. పొద్దుపొడిచి గంటయింది. వంగినప్పుడల్లా నడుము పట్టేస్తోంది. లేవాలంటే మోకాలి మీద అరచెయ్యి మోపాల్సివస్తోంది.

కోట ఊరి దగ్గరి ఆ వరి పరిశోధనా క్షేత్రంలో ఆమెది ఇరవై రెండేళ్ల కూలిపని. అగ్గితెగులు కావాలని తెప్పించిన మళ్లలో ఆకులు చూసి అంకె చెప్పాలి. మచ్చ లేకుంటే సున్నా, మాడిపోతే తొమ్మిది. చదువు లేదు. అయినా ఆమె చెప్పిన అంకెను ఏ సైంటిస్టూ మళ్లీ సరిచూసుకోలేదు.

అక్కడి సైంటిస్టు కరుణాకుమారి మేడం రెండేళ్లు కంప్యూటర్ ముందే కూర్చుంది. వేప, కానుగ, ఉప్పునీటి కయ్యల్లో పెరిగే మడచెట్లు, వీటిలో ఉండే వేల రసాయనాల్లో తెగులు బూజును ఏది ఆపగలదో లెక్క కట్టించి పన్నెండింటిని ఏరింది. పన్నెండు మందులు, పన్నెండు మళ్లు. కంప్యూటర్ అన్నిటికన్నా మేలన్నది ఏడో మడిలో పడింది. నిన్న ఆదిశేషమ్మ ఆ మడికి "ఒకటి" చెప్పగానే మేడం గట్టు మీద నిలబడే హైదరాబాదుకు ఫోన్ చేసింది. మందు దొరికిందని చెప్పింది.

ఇవాళ కూడా ఆదిశేషమ్మ ఏడో మడికి "ఒకటి" అంది. చిట్టి రాయలేదు.

"అక్కా, మచ్చలుండాయి గదా."

"యాడుండాయి మే?"

చిట్టి ఆకు తుంచి ఇచ్చింది. ఆదిశేషమ్మ దాన్ని ఎండకెత్తి కుడికన్ను మూసింది. పాలు కలిపినట్టు మసక, అంతే. ఎడమకన్ను మూసి, ఆకును ముక్కు దాకా తెచ్చుకుంది. అప్పుడు కనిపించాయి, నడుమ బూడిదరంగుతో సన్నటి మచ్చలు, వరసగా.

"నేనెవురికీ చెప్పన్లే అక్కా. ఒకటే రాస్తా" అంది చిట్టి మెల్లగా.

ఆదిశేషమ్మ గట్టు మీద కూలబడింది. "వొద్దు మే, రాయబాక" అంది.

లేచి వెళ్లి, మేడం గది గుమ్మం దగ్గరే ఆదిశేషమ్మ ఆగిపోయింది.

"నేను జెప్పినయ్యన్నీ కొట్టేయండి మేడం. నాకు కండ్లు ఆనడంల్యా. ఏడో మడి నాలుగుంటాది. ఇంకా యాడ తప్పు జెప్పినానో."

"ఎన్నాళ్లనించి?"

"రెండు మూణ్ణెల్లుగా మసక. నిద్ర చాలక అనుకున్నా."

కరుణాకుమారి రెండు చేతులతో మొహం రుద్దుకుంది. "హైదరాబాదులో అందరికీ చెప్పేశాను ఆదిశేషమ్మా."

"తెలుసమ్మా."

"చెప్పకపోతే నీ పని నీకుండేది."

"నేను జెప్పకపోతే రేపు రైతు ఆ పన్జెయ్యని మందే కొట్టుకుంటాడు గదమ్మా."

మేడం కళ్లాసుపత్రికి చీటీ రాసిచ్చి, అట్ట తీసుకుని, చిట్టితో కలిసి తనే మడిలో దిగింది. మొదటి మడి నుంచి అన్నీ మళ్లీ చూశారు. పన్నెండింటిలో కంప్యూటర్ అన్నిటికన్నా అడుగున పెట్టిన మందు పదకొండో మడిది. అక్కడ చిట్టి "రెండు" అంది. మేడం నమ్మలేక తనే వంగి చూసింది. రెండే.

ఆ మాట చెబుదామని షెడ్డుకు వస్తే ఆదిశేషమ్మ లేదు. పన్నెండు గంటల బస్సుకే వెళ్లిపోయిందని, రేపటి నుంచి రానని చెప్పమందని వాచ్‌మన్ హజరత్తయ్య అన్నాడు.

షెడ్డులో మేకుకు, మడిలో దిగేటప్పుడు ఆదిశేషమ్మ చీర మీద తొడుక్కునే మగచొక్కా వేలాడుతోంది. దాని ముంజేతుల మీద బురద ఎండిపోయింది. మోచేతుల దగ్గర వంపు ఇంకా అలాగే ఉంది.