కంగారు పెట్టే ఉద్యోగం

"ఈ ర్యాంకుకి మంచి కాలేజీ అంటే కష్టమేనండి. సాయంత్రానికి మా దగ్గర కూడా సీట్లు అయిపోతాయి. ఇప్పుడే అడ్వాన్సు కట్టేస్తే బాబు భవిష్యత్తుకి ఢోకా ఉండదు."

పొద్దుటినుంచి రత్నమాల ఈ మాటలే అప్పజెబుతోంది. ఎంసెట్ ఫలితాలు వచ్చి ఒక్కరోజైంది. హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడ ఆరో అంతస్తులో, ఒక ప్రైవేటు యూనివర్సిటీ తరఫున ఫోన్లు చేసి అడ్మిషన్లు పట్టే ఆఫీసు అది. మంచి ర్యాంకు వచ్చినవాళ్ళ జోలికి వీళ్ళు పోరు. ర్యాంకు పాడైనవాళ్ళే వీళ్ళకి పంట. ఒక ఫోను పెట్టగానే కంప్యూటరు ఇంకోటి కలిపేస్తుంది. మధ్యలో గుక్కెడు నీళ్ళు తాగే సందు కూడా ఉండదు.

అవతల బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసే ఓ తండ్రి.

"జర చూడుండ్రి మేడం. పోరడు నిన్నటిసంది ఎవల్తోని మాట్లాడ్తలేడు. ఇగ యాడ సీటు రాదా?"

రత్నమాల కంప్యూటరు తెరమీద రాసిపెట్టిన వాక్యమే చదివింది. "రాదనే అనుకోవాలండి." పద్దెనిమిది వేల జీతం మరి. అడ్మిషన్లు తగ్గితే అందులోనూ కోత.

ఆమె కూతురు దేవిశ్రీ ర్యాంకు కూడా పాడైంది. డెబ్బై రెండు వేలు. బాచుపల్లి కాలేజీలో రెండేళ్ళు తెల్లారకముందే లేచి రుద్దిన చదువు, ఒక్క మూడు గంటల పరీక్షలో బోల్తా పడింది. గోపన్‌పల్లి ఇంట్లో పిల్ల గోడవైపు తిరిగి పడుకునుంటే, ఇవాళొక్కరోజు సెలవిమ్మని బతిమాలింది రత్నమాల. "సీజన్‌లో సెలవేమి మేడం, మీకు తెల్దా?" అన్నాడు టీం లీడర్ సందీప్. సెల్‌ఫోన్లు లోపలికి తేనివ్వరు. పిల్ల ఎలా ఉందో కనుక్కునే దారీ లేదు. ఛీ, ఏం బతుకిది!

అప్పుడు వినిపించింది, పక్క కుర్చీలోంచి. కొత్తగా చేరిన అశ్విని మాట్లాడుతోంది.

"దేవిశ్రీనేనామ్మా మాట్లాడేది? డెబ్బై రెండు వేలు కదా నీకు?"

రత్నమాల చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. పోయిన నెల, తెలిసిన పిల్లల నంబర్లు తెమ్మని అందరి ప్రాణాలూ తీశాడు సందీప్. నంబర్లు చాలక, కూతురి ఫోను నంబరూ హాల్‌టికెట్టు నంబరూ తనే రాసిచ్చింది. మన పిల్లకి ఎవరు చేస్తారులే అనుకుంది.

"ఏడవకమ్మా. ఏడిస్తే సీటొస్తుందా? మీ అమ్మకి చెప్పి సాయంత్రంలోగా కట్టించు. లేకుంటే సంవత్సరం పోతుంది, చూసుకో."

రత్నమాల తన కాల్ కట్ చేసి, లేచి, అశ్విని తలమీది హెడ్‌సెట్ లాగేసుకుంది. "అయ్యో, ఏమక్కా!" అంది ఆ పిల్ల బిత్తరపోయి.

"దేవీ, అమ్మనే."

"అమ్మా! నువ్వా? నాకెక్కడా సీటు రాదంటోందమ్మా ఆవిడ."

"అబద్ధమే! కౌన్సెలింగే ఇంకా మొదలవలేదు. ఆవిడ చెప్పిందంతా నేను రోజూ జనానికి చెప్పేదే. నమ్మకు."

అవతల ఏడుపు ఆగింది.

"మరి వాళ్ళు నమ్ముతారు కదమ్మా?" అంది దేవిశ్రీ.

రత్నమాలకి ఒళ్ళంతా సిగ్గుతో మండింది. "లేచి మొహం కడుక్కో తల్లీ, వచ్చాక మాట్లాడతాను" అని మాత్రం అనగలిగింది.

ఈలోగా సందీప్ పరుగున వచ్చాడు. "ఏమి మేడం ఇది? కాల్స్ అన్నీ రికార్డవుతున్నాయి, తెలుసు కదా. పోయి మీ సీట్లో కూచోండి."

ఆమె వెళ్ళి కూర్చుంది. కంప్యూటరు అప్పటికే ఇంకో నంబరు కలిపేసింది. "హలో, ఎవరండీ?" అంటూ ఓ ఆడపిల్ల గొంతు, వణుకుతోంది. సందీప్ తన హెడ్‌సెట్ పెట్టుకుని, ఆమె వెనకే నిలబడి వింటున్నాడు. చదవాల్సిన వాక్యం తెరమీద వెలుగుతోంది.

"నీ ర్యాంకు చూశానమ్మా" అంది రత్నమాల. "కంగారు పడకు. సీట్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మాకే కాదు, ఇవాళ నీకెవరు ఫోన్ చేసినా పైసా కట్టొద్దు."

"మేడం, కాల్ కట్ చెయ్యండి" అన్నాడు సందీప్.

ఆమె కట్ చెయ్యలేదు.

"అన్నం తిన్నావా?" అని అడిగింది అవతలి పిల్లని.