వరుస చివరి ఎర్రపొడి

పరీక్షకు ముందు సాయంత్రం నుంచి మైన్లు పాతేవాడూ యంత్రం నడిపేవాడూ మాట్లాడుకోకూడదు. ఎక్కడ పాతిందీ నోరు జారకుండా ఉండటానికి మా సైటులో పెట్టిన నియమం అది. పాతేది నేను. నడిపేది రాయచోటి ఖాసిం వలి. ఇద్దరం కువైట్ ఎడారిలో ఒకే కేబిన్‌లో ఉండేవాళ్ళం. ఆ సాయంత్రం అతను అన్నం వండి, నా కంచంలో పెట్టి, గోడ వైపు తిరిగి తిన్నాడు. నా భార్య గంగారత్నం పోయాక మాటలు లేని భోజనం నాకు కొత్త కాదు.

మేం పాతేవి నిజం మందుపాతరలు కావు. మందు బదులు ఎర్రపొడి నింపిన ప్లాస్టిక్ డబ్బాలు. యుద్ధం నాటి అసలువి ఇంకా ఇసుక కింద ఉన్నాయి. చలికాలం కువైటీలు పిల్లల్ని తీసుకొచ్చి ఈ చుట్టుపక్కలే గుడారాలు వేసుకుంటారు. అందుకని ఈ యంత్రం తెప్పించారు. దాని ముందున్న గొలుసులు గిరగిరా తిరుగుతూ నేలను బాదుకుంటూ పోతాయి. డబ్బాలన్నీ పగిలితే యంత్రం నెగ్గినట్టు, మాకు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పొడిగించినట్టు. ఒక్కటి మిగిలినా ఖలాస్, ఇంటికే అన్నారు. వలికి ఇంటి దగ్గర జుబేదా బీ ఉంది, పిల్లలున్నారు. నాకు తాళం వేసిన ఇల్లుంది.

పొద్దున్నే వలి ట్రక్కు చాటున నిలబడి రిమోటుతో యంత్రాన్ని నడిపాడు. దుమ్ము అణగకముందే, గొలుసులు చూసొస్తానని వరుస చివరికి వెళ్ళాడు. నేను చూడకముందు ఎవరూ అటు పోకూడదు.

తర్వాత నేను ఒక్కో గుంటా చూసుకుంటూ వెళ్ళాను. అన్నిచోట్లా డబ్బాలు తునకలై, పొడి దూరంగా చిమ్మి ఉంది. చివరి గుంటలో మాత్రం పొడి కుప్పగా పడి ఉంది. మూత ఒక్కటే పగిలింది. వలి బూటు మడమ ఎర్రగా ఉంది.

“ఏం న్నా, ఇంగ నోరు తెరవచ్చా? మాట్లాడక కడుపుబ్బిపోయింది” అన్నాడు నవ్వుతూ.

“చివరిది నువ్వు తొక్కి పగలగొట్టావు.”

నవ్వు ఆగింది. “ఒగటే గదన్నా. గొలుసు పక్కకు పోయింటాది. అన్నీ బాగుండాయని చెప్పు.”

నా బావమరిది నాగేంద్రబాబు కూడా బాగుందనే చెప్పాడు. అక్క కులాసాగా ఉంది బావగారూ, దిగులు పడకండి అని ఫోనులో. నిజం చెబితే నేను పని వదిలి వచ్చేస్తానట. నేను వెళ్ళేసరికి ఏటిగట్టున బూడిద చల్లారింది. అతనితో మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడను.

“రేపు ఈ యంత్రం పోయిన చోట ఎవడో గుడారానికి మేకు దిగ్గొడతాడయ్యా, వలీ.”

“ముందు మన పొట్ట చూడన్నా. నువ్వు యాడికి పోతావు? ఎవరుండారు నీకు?”

ఎవరూ లేరు. ఇంజనీరును పిలిచి ఆ గుంట చూపించాను. ఆయన డబ్బా చూశాడు, వలి బూటు చూశాడు. పరీక్ష పోయిందన్నాడు.

వలిని ఆ వారమే పంపేశారు. యంత్రానికి గొలుసులు మార్చి మళ్ళీ పరీక్షిస్తారట, అందాకా నన్ను ఉండమన్నారు. ఇంటికి పంపుతామన్న మాట నా విషయంలో ఎవరూ ఎత్తలేదు. వెళ్ళే ముందు సాయంత్రం కూడా వలే వండాడు. నా కంచంలో పెట్టి, గోడ వైపు తిరిగి తిన్నాడు. అప్పుడు ఏ నియమమూ లేదు. నేనూ పలకరించలేదు. అతను చేసింది తప్పు. ఇప్పుడడిగినా అదే అంటాను.

కొత్తగా నడిపే మనిషి పట్నంలో, హవల్లీలో ఉంటాడు. రోజూ వచ్చిపోతాడు. రేపు మళ్ళీ పరీక్ష, కాబట్టి ఈ సాయంత్రం నుంచి మాట్లాడకూడదు. డబ్బాలు పాతి వచ్చి, ఇద్దరి గిన్నెలో ఒక్కడికి బియ్యం పెట్టాను. నీళ్ళు చాలక అన్నం అడుగంటింది. గీకి తిన్నాను.