దానం మాస్టారి ఎడమ పిక్క

మా ఆయనకి నోరు లేదు. ముప్పై ఏళ్లు ముక్తేశ్వరం చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పి పిల్లల్ని వణికించిన దానం మాస్టారికి నోరు లేదంటే ఎవరూ నమ్మరు. బళ్లో ఉండేది, ఇంట్లో లేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా కిక్కురుమనకుండా తిని లేచిపోతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డప్పుడు ఆయనకి వచ్చింది, నాకు రాలేదు. వెనక గదిలో పద్నాలుగు రోజులు విడిగా ఉంచాను. కంచం గుమ్మంలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, తినండీ అని కేకేసేదాన్ని. ఆయన మంచం దిగింది తక్కువే. జ్వరమూ దగ్గూ తగ్గాక, పదిహేనో రోజున లోపలికి వెళ్లాను. మనిషి సగమయ్యారు. నాకు ఏడుపొచ్చింది. గది ఇలాగా ఉంచుకునేది అని తిట్టాను.

ఆ సాయంత్రం ఎడమ పిక్క లాగుతోందన్నారు. ఆయన నోటినుంచి ఆ మాత్రం రావడమే గొప్ప. పడుకుని పడుకుని పట్టేసిందనుకున్నాను. మా ఇళ్లల్లో కొబ్బరినూనెకి కొదవేముంది? గోరువెచ్చగా కాచి, మడమ నుంచి మోకాలిదాకా రుద్దాను. మర్నాడూ రుద్దాను. మూడోనాడు ఇంకాస్త గట్టిగా పిసికాను. ఎలా ఉందండీ అంటే హాయిగా ఉందన్నారు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

నాలుగోనాడు పొద్దున్న నూనెగిన్నెతో కూర్చున్నానో లేదో, మా చెల్లెలి కూతురు మెర్సీ వచ్చింది. అమలాపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. గుమ్మంలోంచే చూసింది.

"పెద్దమ్మా, చేతులు తియ్యి."

ఆ గొంతు విని తీసేశాను. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి టేపుతో కొలిచింది. ఎడమ పిక్క అంగుళమున్నర ఎక్కువ లావుంది. వేడిగా, నిగనిగలాడుతోంది. రోజూ చూస్తున్నదాన్ని, అది నూనె మెరుపనుకున్నాను. మెర్సీ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ఈ జబ్బు తగ్గాక కూడా కొందరికి రక్తం గడ్డకడుతుందట. కాలి రక్తనాళంలో కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే మనిషి దక్కడం కష్టమట. పిసికితే అది కదలొచ్చట.

అమలాపురం వెళ్లేదాకా కారులో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ చేతులతోనే చంపుకునేదాన్ని కదా ప్రభువా అనుకున్నాను. పక్కన ఆయన ఊపిరి తీసినప్పుడల్లా వింటూ కూర్చున్నాను.

మెర్సీ పనిచేసే ఆసుపత్రిలోనే చేసిన స్కానింగులో గడ్డ కనపడింది. ఉన్నచోటే ఉందన్నారు. రక్తం పల్చబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంకో రెండ్రోజులు పిసికుంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరుగారు నాకేసి చూసి మరీ అన్నారు. నేను తలెత్తలేదు. మూడోరోజుకి వాపు తగ్గుముఖం పట్టింది, ఇక ఫరవాలేదన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్న కోపమంతా అప్పుడొచ్చింది నాకు.

"పిసుకుతుంటే నొప్పి పుట్టలేదా మీకు?"

"పుట్టింది. రోజురోజుకీ ఎక్కువయ్యింది."

"మరి హాయిగా ఉందని ఎందుకు చెప్పేరండీ? నా చేతుల్లో పోతే నేనెలా బతకను?"

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నారు. కోప్పడనంటే చెబుతానన్నారు. చెప్పమన్నాను.

"పద్నాలుగు రోజులు నన్నెవరూ ముట్టుకోలేదు సువార్తా. నువ్వొచ్చి కాలుమీద చెయ్యేసేవు. తియ్యమని ఎలా చెప్పను?"

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన నాతో ఇంత పెద్ద మాట అనలేదు. ఈ పిచ్చి మనిషంటే నాకెంత ప్రాణమో ఆ క్షణాన తెలిసింది.

మందులిస్తున్న మెర్సీని పిలిచి, మీ పెదనాన్నగారి చెయ్యి పట్టుకోవచ్చా అని అడిగాను.

"సూది లేని చెయ్యి పట్టుకో పెద్దమ్మా" అంది.

పట్టుకున్నాను. సాయంత్రం నర్సులు మారేదాకా వదల్లేదు.